ఇంగ్లిష్ వచ్చినవాళ్ల రాని ఇంగ్లిష్

మా మేనమామ చాలా ఏళ్లు ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పాడు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం కాగానే పడక్కుర్చీలో చేరగిలబడి, ఫోన్‌లో ఒకటే బ్రిటిష్ కామెడీ పెట్టుకుని చూస్తాడు: ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’. ఎపిసోడ్లన్నీ కంఠతా వచ్చు, నవ్వు మాత్రం ప్రతిసారీ కొత్తదే. ఆయన కూతురు బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. ఆమధ్య సెలవులకు వచ్చినప్పుడు పక్కన కూర్చుని పది నిమిషాలు చూసి, “నాన్నా, వీళ్లు నవ్వేది మనల్ని చూసే కదా!” అంది. “మనల్ని కాదే పిచ్చిదానా, ఇంగ్లిష్‌ని” అన్నాడాయన. ఆ వాదన ఇంకా తెగలేదు. నన్ను తీర్పు చెప్పమంటే కాఫీ వంకన వంటింట్లోకి తప్పుకున్నాను.

లండన్ వీకెండ్ టెలివిజన్ అనే సంస్థ ఐటీవీలో చూపించడానికి తీసిన సీరియల్ ఇది. 1977 డిసెంబరు 30న మొదలైంది. 1979 డిసెంబరు దాకా 13, 8, 8 చొప్పున మూడు విడతల్లో 29 ఎపిసోడ్లు వచ్చాయి. రాసింది విన్స్ పావెల్, తీసింది స్టువర్ట్ అలెన్. కథ చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. లండన్‌లో ఒక రాత్రి బడి, అందులో దేశదేశాల నుంచి వచ్చిన వయోజన విద్యార్థులు, వాళ్లకు ఇంగ్లిష్ నేర్పడానికి జెరెమీ బ్రౌన్ అనే మెత్తటి మాస్టారు. అంతకుముందున్న మాస్టారికి మతి చలించిందని ప్రిన్సిపాల్ మిస్ కోర్ట్నీ మొదటి రోజే చెబుతుంది. నెల రోజులు చూసి అప్పుడు ఉద్యోగం సంగతి చెప్తానంటుంది. నెల ఎక్కడ, 29 ఎపిసోడ్లెక్కడ!

ఇవాళ బ్రిటన్‌లో ఈ సీరియల్ గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువ. పెద్ద చానెళ్లు దాని జోలికి పోవు. మన దేశంలోనూ, పాకిస్తాన్, శ్రీలంకల్లోనూ మాత్రం ఇప్పటికీ దీన్ని వెతుక్కుని చూసేవాళ్లున్నారు. పుట్టింట్లో దిక్కులేకపోయినా మేనమామల ఊళ్లో మర్యాద దక్కిందన్నమాట. ఎందుకిలా అని అడిగితే మర్యాద, అవమానం అనే రెండు మాటల దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. నాకైతే ముందు ఆ పనితనం సంగతి చూడాలనిపిస్తుంది.

ఆ రోజుల బ్రిటిష్ సిట్‌కామ్ సినిమాకి చెల్లెలు కాదు, నాటకానికి చిన్న కూతురు. వారం పొడుగునా రిహార్సల్, ఆఖరున ఒక సాయంత్రం జనం ముందు రికార్డింగు. సెట్‌కి నాలుగో గోడ ఉండదు. ఆ గోడ ఉండాల్సిన వైపు మెట్టు మెట్టుగా కుర్చీలు, వాటిలో ప్రేక్షకులు. అసలు పని మొదలయ్యేలోగా ఒక హాస్యగాడు వచ్చి నాలుగు జోకులేసి వాళ్లను ఉషారు చేస్తాడు. కెమెరాలన్నీ ఒక్కసారే తిరుగుతుంటాయి, డైరెక్టరు పైగదిలో తెరల ముందు కూర్చుని ఎప్పుడు ఏ కెమెరా కావాలో చెబుతుంటాడు. మనకు వినిపించే నవ్వు ఆ కుర్చీల్లోది. కాబట్టి నటుడు నవ్వు అయ్యేదాకా ఆగాలి, ఆగినట్టు మాత్రం కనిపించకూడదు. మన పద్యనాటకాల్లో రాగం ముగించి చప్పట్ల కోసం నిలబడే నటుడికి ఆ దాపరికం అవసరం లేదు. ఇక్కడ తెలిసిపోతే జోకు చచ్చినట్టే. బ్రౌన్‌గా వేసిన బ్యారీ ఎవాన్స్ ఈ ఆగడాన్ని నొసలు ముడిచి, చాక్‌పీస్‌ని వేళ్ల మధ్య తిప్పి, గాలి పీల్చి దాటేస్తాడు. బ్రౌన్ మాస్టారి సహనమని మనం అనుకునేదాంట్లో సగం ఈ కొలతే.

ఇక రాత. ప్రకటనలు పోను అరగంటలో దొరికేది ఇరవై అయిదు నిమిషాలు. అందులో పదిమంది విద్యార్థులు, మాస్టారు, ప్రిన్సిపాల్, టీ తెచ్చే గ్లాడిస్, బడి చూసుకునే సిడ్ అందరికీ వంతు రావాలి. పావెల్ దీనికి పట్టుకున్న ఉపాయం మన బళ్లల్లో హాజరు పిలిచే పద్ధతే. మాస్టారు ఒక ప్రశ్న వేస్తాడు. అది బెంచీల వెంట వరసగా తిరుగుతుంది. మొదటివాడు మాటను తప్పు వింటాడు. మాస్టారు దిద్దుతాడు. రెండోవాడు ఆ దిద్దుబాటునే తప్పు వింటాడు. మూడోవాడు ఇద్దరినీ సమర్థించబోయి ఇంకో గోతిలో పడతాడు. లాహోర్ నుంచి వచ్చిన అలీ నదీమ్ గుమ్మంలోకి వస్తూనే ‘ఎక్స్‌క్యూజ్ మి’ అనబోయి ‘స్క్వీజ్ మి’ అంటాడు. క్షమించమనడం పోయి పిండమనడం అయిందన్నమాట. ఇది మన శ్లేషకు వరసైనదే కానీ అచ్చం శ్లేష కాదు. శ్లేషలో రెండర్థాలూ చెప్పేవాడికి తెలుసు. ఇక్కడ పాత్రకు తెలియదు, నటుడికి తెలుసు. ఈ రెంటి మధ్య సందులోంచే నవ్వు పుడుతుంది.

ప్రతి పాత్రకూ ఒక ఊతపదం కూడా ఉంది. సిక్కు రంజీత్ సింగ్ చేతులు జోడించి వెయ్యి క్షమాపణలు చెప్పుకుంటాడు. ఇటలీ వంటవాడు జియోవాని మాస్టారిని ప్రొఫెసర్‌ని చేసేస్తాడు. జపాను తారో ప్రతి మాటకూ వంగి దండం పెడతాడు. చైనా సూ లీ మావో ఎర్రపుస్తకం విడవదు. ఇవన్నీ గుమ్మానికి కట్టిన గంటల్లాంటివి, మోగగానే లోపలికొచ్చేది ఎవరో తెలిసిపోతుంది. ఇక అసలైన గుమ్మం ఎప్పుడు తెరుచుకుంటుందంటే, మాస్టారు అనకూడని మాట అనగానే. మిస్ కోర్ట్నీ తలుపు తట్టదు. జారా నట్లీ ఆ పాత్రలో చేసే మౌనం మీద వేరే వ్యాసమే రాయొచ్చు.

అంతా బాగుంది, మరి తగువెక్కడ? నాకు తోచిన జవాబు ఆ సంప్రదాయపు మూలసూత్రంలోనే ఉంది. బ్రిటిష్ సిట్‌కామ్‌లో ఎవరూ ఉన్నచోటు నుంచి కదలకూడదు. రే గాల్టన్, అలన్ సింప్సన్ రాసిన ‘స్టెప్టో అండ్ సన్’ 1962లో మొదలైంది. పాత సామాను కొట్లో తండ్రీ కొడుకులు. కొడుకు ప్రతివారం పారిపోవాలనుకుంటాడు, ప్రతివారం అక్కడే ఉంటాడు. ‘ఫాల్టీ టవర్స్’ హోటల్ యజమానికి ఉన్నది పన్నెండే ఎపిసోడ్లు, పన్నెండింటిలోనూ అదే నరకం. ఇరుక్కుపోయిన మనిషిని చూసి నవ్వడం ఆ దేశానికి పట్టుబడ్డ విద్య. కథ ముగిసేసరికి అన్నీ మొదటికి రావాలి, వచ్చేవారం మళ్లీ మొదలెట్టాలి కదా.

ఇప్పుడు ఈ సూత్రాన్ని బళ్లోకి తీసుకెళ్లండి. బడి అనేది మనిషి మారడానికి పెట్టిన చోటు. విద్యార్థికి ఇంగ్లిష్ వచ్చేసిన రోజున సీరియల్ అయిపోతుంది. అందుకని ఎవరికీ రాకూడదు. 29 వారాలు బెంచీల మీద కూర్చున్నా అలీ గుమ్మం దగ్గరే ఉండాలి. స్టెప్టో కొడుకు ఇరుక్కున్నప్పుడు అది అతని ఖర్మ, కాస్త మన అందరి ఖర్మ. అలీ ఇరుక్కున్నప్పుడు అది అతని జాతి మీదికి పోతుంది. పావెల్ మనసులో విషం ఉందో లేదో నాకెందుకు? అచ్చు ఒకటే, పోసిన పిండి వేరైంది. జోకులు ఒక్కొక్కటీ విడిగా చూస్తే చాలావరకు అమాయకమైనవే. వరసగా పది ఎపిసోడ్లు చూస్తే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. బర్మింగ్‌హామ్ పిల్ల పది నిమిషాలకే ఆ మాట అందంటే, ఆ పది ఎపిసోడ్లూ తను అక్కడ బయట చూసే ఉంటుంది.

కాలమూ అలాంటిదే. ఈది అమీన్ 1972లో ఉగాండా నుంచి ఆసియావాళ్లను వెళ్లగొడితే వేలమంది బ్రిటన్ చేరారు. వలసవచ్చినవాళ్లను వెనక్కి పంపాలని నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ వీధుల్లో ఊరేగింపులు తీస్తుండేది. జాతి వివక్షపై కొత్త చట్టం 1976లో వచ్చింది. పావెల్ అంతకుముందే హ్యారీ డ్రైవర్‌తో కలిసి ‘లవ్ దై నైబర్’ రాసి ఇటువంటి తగువునే నెత్తికెత్తుకున్నాడు. ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ని మెచ్చుకున్నవాళ్ల మాట ఏమిటంటే, ఇందులో ఎవరినీ వదల్లేదు, ఇంగ్లిష్ ప్రిన్సిపాల్ కంటే దేబె ఎవరున్నారని. కాదన్నవాళ్ల మాట: ప్రిన్సిపాల్‌ని చూసి నవ్వినవాడు మర్నాడు బస్సులో ప్రిన్సిపాల్‌ని వెక్కిరించడు, తలపాగా కట్టినవాణ్ణి వెక్కిరిస్తాడు. చివరికి లండన్ వీకెండ్ కార్యక్రమాల పెద్ద మైకేల్ గ్రేడ్ ఇది జాతుల్ని కించపరిచేలా ఉందని ఆపేశాడు. చూసేవాళ్లు లేక కాదు. 1985లో వేరే సంస్థ మళ్లీ ఎత్తుకుని పదమూడు ఎపిసోడ్లు తీసింది. అది బ్రిటన్‌లో అన్ని ప్రాంతాలకూ చేరనేలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడం కాగితం దండగ.

మన ఇంట్లోనూ ఈ రోగం లేదని కాదు. తెలుగు తెర మీద తెలంగాణ యాసను ఎన్నేళ్లు రౌడీకీ, నౌకరుకీ, జోకరుకీ అప్పగించారో లెక్క తీస్తే మనమూ తలుపు తట్టని మిస్ కోర్ట్నీలమే. అరవ యాసతో తెలుగు మాట్లాడే పంతులు పాత్ర సంగతి సరేసరి.

అయినా మా మామ మాటలో పస లేదనను. భారతీయ పాత్రల ఇంగ్లిష్‌లో క్రియలన్నీ ‘ఇంగ్’తో నడుస్తాయి: ‘ఐ యామ్ బీయింగ్’, ‘ఐ యామ్ హ్యావింగ్’. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుల్లో ఫీజు కట్టి దిద్దించుకున్న తరానికి అది తమ నాలుకే. తను రోజూ భయపడే భాష ముందు ఎవరో భయం లేకుండా చిత్తుగా బోర్లాపడి, లేచి, మళ్లీ మాట్లాడుతుంటే కడుపు ఉబ్బి నవ్వొస్తుంది. అది తేలికపడ్డ మనిషి నవ్వు. అందుకే దూరదర్శన్ మెట్రోలో 1993లో ‘జబాన్ సంభాల్‌కే’ వచ్చినప్పుడు నాకు తెలిసి ఎవరూ బాధపడలేదు. అదే అచ్చు, భాష మాత్రం హిందీ. పంకజ్ కపూర్ మాస్టారు. ఇంజినీరింగ్ చదివి ఆ ఉద్యోగం దొరక్క హిందీ చెప్పుకునే మనిషి. ఆ ఒక్క మార్పుతో ఇరుక్కుపోవడం విద్యార్థుల నుంచి మాస్టారి మీదికి కొంత జరిగింది. నా లెక్కలో మూలం కంటే అది తెలివైన పని. అందులో హిందీ రాని తెల్లదొరగా వేసింది టామ్ ఆల్టర్. ముస్సోరీలో పుట్టి, మనవాళ్లు చెవికోసుకునే ఉర్దూ మాట్లాడిన మనిషి!

అసలు నన్ను ఈ సీరియల్‌కి కట్టిపడేసింది ఇదే. ఆ లండన్ తరగతి గదిలో ఎవరు ఎక్కడివాళ్లో చూడండి. పంజాబీ సిక్కుగా వేసిన ఆల్బర్ట్ మోజెస్ శ్రీలంకలో పుట్టాడు. లాహోర్ అలీగా వేసిన డినో షఫీక్‌ది ఢాకా. బ్రిటిష్ సైన్యం దేవలాలీలో ఉన్నట్టు తీసిన ‘ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్’లో చాయ్‌వాలా కూడా ఆయనే. గ్రీకు మాక్స్‌గా వేసిన కెవోర్క్ మలిక్యాన్ టర్కీలో పుట్టిన ఆర్మేనియన్. స్పెయిన్ హువాన్‌గా వేసిన రికార్డో మోంటెజ్‌ది జిబ్రాల్టర్, ఫ్రెంచి డానియెల్‌గా వేసిన ఫ్రాన్స్వాజ్ పాస్కల్‌ది మారిషస్, చైనా సూ లీగా వేసిన పిక్ సెన్ లిమ్‌ది మలయాలోని పెనాంగ్. శ్రీలంక, ఢాకా, పెనాంగ్, జిబ్రాల్టర్... అప్పట్లో బ్రిటిష్ జెండా ఎగిరిన చోట్లన్నీ చుట్టి వచ్చినట్టు లేదూ? ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు, ఇంగ్లండ్ వచ్చినవాళ్లు, అక్కడ వాళ్లకు తెర మీద కూడు దొరికింది ఇంగ్లిష్ రానట్టు మాట్లాడితేనే. తప్పు మాటను సరిగ్గా ఏ అక్షరం దగ్గర విరవాలో తెలియాలంటే ఒప్పు మాట అరచేతిలో ఉండాలి. ఆ విద్యకు చప్పట్లూ, ఆ గతికి కోపమూ రెండూ నాకు ఒకేసారి వస్తాయి. ఏదో ఒకటి ఎంచుకోమంటే నా వల్ల కాదు.

మాస్టారి గతి కూడా ఏం బాగాలేదు. బ్యారీ ఎవాన్స్‌కి తర్వాత వేషాలు తగ్గిపోయాయి. చివరి రోజుల్లో లెస్టర్‌షైర్‌లో టాక్సీ నడుపుకున్నాడు. 1997లో పోయాడు. లెస్టర్ నిండా భారతీయులే. ఆ టాక్సీ ఎక్కి అద్దంలో ఆ ముఖం గుర్తుపట్టినవాళ్లు ఎంతమంది ఉంటారో అనుకుంటాను.

మొన్న మామ దగ్గర కూర్చున్నప్పుడు తరగతిలో ఎప్పుడూ ఊలు అల్లుకుంటూ ఉండే జమీలా పాత్ర వచ్చింది. మొదట్లో ఆమెకు ఒక్క ఇంగ్లిష్ మాట రాదు. ఆ వేషం వేసిన జమీలా మాసీ సిమ్లాలో పుట్టిందనీ, భర్త రెజినాల్డ్‌తో కలిసి భారతీయ సంగీతం మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాసిందనీ చెప్పాను. మామ ఫోన్ ఆపాడు. సూదులు చేతిలో పట్టుకుని నిలిచిపోయిన ఆమెను కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు.

“ఎంత బాగా రానట్టు మాట్లాడిందిరా!” అని, మళ్లీ నొక్కాడు. ఈసారి నవ్వలేదు.