‘హాల్సియన్ డేస్’: శోకగాథ నుంచి సుఖస్మృతికి

ఆంగ్లంలో ‘హాల్సియన్ డేస్’ అనే పదబంధం నేడు ప్రధానంగా గతించిన సుఖమయ కాలాన్ని సూచిస్తోంది. దీనికి మూలం మాత్రం ఒక గ్రీకు శోకగాథ. ఓవిడ్ ‘మెటమార్ఫసెస్’ 11వ భాగంలో సీయిక్స్ ఓడ మునిగి మరణిస్తాడు. భర్త దేహాన్ని చూసి సముద్రంలోకి దూకిన అల్సియోనీ పక్షిగా మారుతుంది. దేవతల దయతో అతడూ పక్షి అవుతాడు. శీతకాలంలో ఆమె కడలిపై గూటిలో గుడ్లు పొదిగే 7 రోజులూ తండ్రి ఈయోలస్ గాలులను బంధిస్తాడు. అరిస్టాటిల్ ఈ ప్రశాంత కాలాన్ని శీతకాల అయనాంతానికి ముందు 7, తరువాత 7 రోజులుగా పేర్కొన్నాడు. అంటే ఇది తుఫానుల నడుమ దొరికిన విరామమే గాని స్వర్ణయుగం కాదు. షేక్‌స్పియర్ ‘ఆరవ హెన్రీ’ నాటకం మొదటి భాగంలో జోన్ సైతం ఈ మాటను యుద్ధం మధ్య రాబోయే ఊరటగానే పలుకుతుంది. నేటి వాడుకలో శోకమూ, గడువూ రెండూ లుప్తమయ్యాయి. తెలుగులో దీన్ని ‘స్వర్ణయుగం’గా అనువదిస్తే ఆ లోపమే స్థిరపడుతుంది, ‘తుఫాను విరామం’ మూలార్థానికి సన్నిహితం.