మైకు కట్టే చేయి

జానపద కథనో పాటనో రికార్డు చేసినప్పుడు మైకులు అమర్చినవాళ్ల పేరు చాలాసార్లు ఎక్కడా కనిపించదు. ఆ పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

జనగామ జిల్లా మాణిక్యాపురం, ఒగ్గుకథకు పెద్ద దిక్కైన చుక్క సత్తయ్య ఊరు. ఆయన 2017లో కన్నుమూశారు. ఒగ్గుకథలో డోలు మోత, తాళాల చప్పుడు, గజ్జెల అడుగులు ఒక్కసారే లేస్తాయి. అడుగుల అదురు నేల నుంచి స్టాండు మీదుగా మైకులోకి పాకుతుంది. అందుకే మైకును రబ్బరు పట్టీల మధ్య వేలాడదీస్తారు. అడ్డకడ్డీ ఎటు చాస్తే స్టాండు కాలొకటి అటే తిప్పి, ఇసుక సంచి వేస్తారు. గొంతుకూ మైకుకూ ఎంత దూరముందో, రెండు మైకుల మధ్య దానికి 3 రెట్లు వదులుతారు. లేకుంటే ఒకే గొంతు రెండింటిలోనూ పడి పలచబడుతుంది.

మహబూబాబాద్ తండాల్లో లంబాడీ పాటకు చిక్కు వేరు. అద్దాల రవికె, నాణేల హారాలు కదిలితే చాలు, గలగలమంటాయి. చిన్న కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద, నగలు తగలని చోట పెట్టి, వైరును చిన్న చుట్టగా మడిచి టేపు వేస్తారు. ఇక వైరు లాగినా మైకు కదలదు, పాడే అమ్మ తన నగలు తీయాల్సిన పనీ లేదు.

భూపాలపల్లి ఆరుబయట ఒకవైపు గాలి, మరోవైపు బొగ్గు లారీల రొద. మైకుకు బొచ్చు తొడుగు వేసి, మంద్ర ధ్వనులను తగ్గించే మీట నొక్కుతారు.

పాడినవాళ్ల పక్కన వీళ్ల పేరూ వేయాలి. రేపటి తరం ఆ గొంతులు వినేది వీళ్ల చేతి చలవతోనే.