కడబంతి దాకా వడ్డించిన కోచ్

కోచ్ పని అంటే వ్యూహమని చాలామంది అనుకుంటారు. బోర్డు మీద గీతలు, బాణాలు, టైమవుట్‌లో అరుపులు. సాయంత్రాల్లో మా కాలనీ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను కాబట్టి నాకు తెలిసిందేమిటంటే, అసలు కష్టం అక్కడ లేదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అన్నచోట ఉంది. బెంచీ చివరన కూర్చున్న పిల్లాడికి ఆట మీద ఆశ చావకుండా చూడటం ఏ పుస్తకంలోనూ దొరకని విద్య. ఆ విద్య తెలిసినవాళ్లలో నేను అందరికంటే ఎక్కువగా తలుచుకునేది ఫిలిప్పీన్స్‌కు చెందిన రాబర్ట్ జవోర్స్కీని.

ఆయనది విచిత్రమైన కొలువు. 1985లో జినెబ్రా శాన్ మిగెల్ జట్టుకు కోచ్ అయ్యాక కూడా ఆట మానలేదు. దాదాపు పన్నెండేళ్లు అదే జట్టుకు ఆటగాడూ తనే, కోచూ తనే. కోచ్ అయ్యేనాటికే ఆయనకు 39 ఏళ్లు.

సందుసందునా స్తంభానికో రింగు కనిపించే దేశం అది. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ పీబీఏ 1975లో మొదలైంది. ఆసియాలో అదే మొదటిది. జట్లకు ఊళ్ల పేర్లుండవు, కంపెనీల పేర్లుంటాయి. కార్ల కంపెనీది టొయోటా, బట్టల కంపెనీది క్రిస్పా, జిన్ను పేరుతో జినెబ్రా. 1946లో బగియోలో పుట్టిన జవోర్స్కీ ఈ లీగ్ రాకముందే పేరున్న ఆటగాడు. యూనివర్సిటీ ఆఫ్ ది ఈస్ట్‌లో బేబీ డలుపాన్ అనే గొప్ప కోచ్ చేతికింద తయారయ్యాడు. 1967లో ఆసియా విజేత జట్టులో ఉన్నాడు, 1968లో మెక్సికో ఒలింపిక్స్ ఆడాడు. 1971లో రిఫరీల మీద చేయి చేసుకుని జీవితకాల నిషేధం తెచ్చుకున్నాడు. అది ఎత్తేశాక 1973లో మనీలాలో మళ్లీ ఆసియా కప్పు గెలిచిన జట్టులో నిలిచాడు. టొయోటాకు ఆడుతూ 1978లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఆడింది గార్డ్ స్థానం. బంతి తెచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అందించేవాడన్నమాట. పీబీఏ చరిత్రలో అందరికంటే ఎక్కువ అసిస్ట్‌లు ఆయనవే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు కదా, జవోర్స్కీ ఆ వడ్డించేవాడు. ఆయన కోచింగ్ అంతా ఆ పాస్ నుంచే పుట్టిందని నా నమ్మకం.

జినెబ్రా జట్టును చూడండి. స్టార్లు నిండిన జట్టు కాదు. వేరే జట్లు వద్దనుకున్నవాళ్లు, మొరటుగా ఆడతారని పేరుపడ్డవాళ్లు, ఒకనాటి ప్రత్యర్థులు, వయసు మళ్లిన పాత సహచరులు అక్కడ చేరారు. క్రిస్పా తరఫున ఏళ్లతరబడి తనతో తలపడిన ఫిలిప్ సీజర్ కూడా చివరికి ఈ జట్టుకే ఆడాడు. మిగతా కోచ్‌లు ఏడెనిమిది మందితో ఆట లాగించేచోట జవోర్స్కీ బెంచీ మొత్తాన్ని కదిలించేవాడు. ముఖ్యమైనవాళ్లను కూర్చోబెట్టి, బంతి కోసం నేల మీద దొర్లడానికి వెనకాడని ఐదుగురిని ఒక్కసారిగా దింపేవాడు. వాళ్లు ఎన్ని పాయింట్లు కొట్టారన్నది ముఖ్యం కాదు. అవతలి జట్టు ఊపిరి తీసుకోకుండా చూడటమే వాళ్ల పని. తన వంతు తప్పక వస్తుందని తెలిసిన ఆటగాడు బెంచీ మీద కూడా ఆటలోనే ఉంటాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి ఇదే.

1985 చివర్లో ఎన్‌సీసీ జట్టుతో మ్యాచ్. జెఫ్ మూర్ అనే అమెరికన్ ఆటగాడి మోచెయ్యి తగిలి జవోర్స్కీ పెదవి చీలింది. ఆసుపత్రికి తీసుకెళ్లి తొమ్మిది కుట్లు వేశారు. జట్టు వెనకబడి ఉంది. చివరి క్వార్టర్‌లో ఆయన మూతికి కట్టుతో తిరిగొచ్చాడు. హాలు హోరెత్తింది, అవతలి జట్టు తడబడింది, జినెబ్రా గెలిచింది. ఓటమి ఒప్పుకోని జట్టుగా జినెబ్రాకున్న పేరుకు జనం ఆనాటి సంఘటననే మూలంగా చెప్పుకుంటారు. ఆయన ధైర్యం సరే. నన్ను కదిలించేది ఆ రోజు మిగతావాళ్లు ఆడిన తీరు. కుట్లు పడ్డ మనిషి పక్కన పరిగెడుతుంటే ఇంకెవరు అలసిపోయామనగలరు? బయట నిలబడి ఏ కోచ్ ఎంత గొంతు చించుకున్నా రానిది అది.

1986లో ఇద్దరు అమెరికన్లు, మైకేల్ హాకెట్, బిల్లీ రే బేట్స్ అండతో మొదటి టైటిల్ వచ్చింది. 1988లో విదేశీయులు లేని టోర్నీ కూడా గెలిచారు. 1991లో ఫైనల్లో షెల్ జట్టు చేతిలో 1-3తో వెనకబడ్డాక వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచారు. ఏడో మ్యాచ్‌లో చివరి క్షణాల్లో గెలుపు బుట్ట వేసింది రూడీ డిస్ట్రిటో, ఆ మొరటు బృందంలోని మనిషే.

వయసు పెరిగేకొద్దీ అసలు పరీక్ష ఎదురైంది. కోచ్ జవోర్స్కీ ఆటగాడు జవోర్స్కీని కూర్చోబెట్టాలి. గ్యాలరీలు ఆయన పేరే జపిస్తుంటాయి. అడ్డు చెప్పేవాడు లేడు. అయినా తొంభైల్లో ఆయన చాలా మ్యాచ్‌ల్లో కొద్ది నిమిషాలే దిగాడు, కొన్నింటిలో అసలు దిగలేదు. 1997లో జట్టు గార్డన్స్ జిన్ పేరుతో కమిషనర్స్ కప్ గెలిచేనాటికి ఆయనకు 51 ఏళ్లు. అంతకుముందు ఏడాదే మూడు టైటిళ్లూ తుడిచిపెట్టిన అలాస్కాను ఫైనల్లో ఓడించారు. అలాస్కా కోచ్ టిమ్ కోన్, పద్ధతికి పెట్టింది పేరు. 1998లో జవోర్స్కీ సెనేటర్‌గా ఎన్నికయ్యాడు. ఆ కథ మరొకరు రాయాలి.

ఆయన చేసినదంతా నాకు సమ్మతం కాదు. 1990లో షెల్‌తో ఫైనల్ ఆరో మ్యాచ్‌లో రిఫరీల తీర్పులు నచ్చక జట్టును కోర్టు నుంచి నడిపించుకుపోయాడు. టైటిల్ షెల్‌కు దక్కింది, జట్టుకు భారీ జరిమానా పడింది. అన్యాయం జరిగిందని నమ్మినా సరే, కోచ్ అన్నవాడు ఆట ముగించే రావాలి. ఆ రోజు బెంచీ మీద తన వంతు కోసం చూస్తున్న కుర్రాడి నుంచి ఆ వంతు లాక్కున్నది రిఫరీలు కాదు. 1971లో నిషేధం తెచ్చిన కోపం 1990లోనూ చల్లారలేదు.

అదే మనిషి పాత పగను ఎలా దాటాడో కూడా చెప్పాలి. టొయోటాలో ఆయనతో కలిసి ఆడినవాడు రామన్ ఫెర్నాండెజ్. ఆ జట్టు మూతపడి ఆటగాళ్లను 1984లో మూకుమ్మడిగా మరో కంపెనీకి అప్పగించినప్పుడు జవోర్స్కీ ఒప్పుకోక బయటికొచ్చాడు, ఫెర్నాండెజ్ వెళ్లాడు. ఇద్దరి మధ్య మాటల్లేకుండా పోయాయి. 1989 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఇద్దరూ సీనియర్ల జట్టులో ఉన్నారు. కోచ్ ఆ పాత గురువు డలుపానే. స్కోరు సమం, మిగిలింది కొన్ని సెకన్లు. గీత బయటి నుంచి బంతి లోపలికి వేయాల్సింది జవోర్స్కీ, అందుకోవాల్సింది ఫెర్నాండెజ్. పాస్ అందింది, లేఅప్ పడింది, 132-130. డలుపాన్ ఇద్దరినీ దగ్గరికి రమ్మని చేతులు కలిపించాడు.

మరుసటి ఏడు బీజింగ్ ఆసియా క్రీడలకు ఫిలిప్పీన్స్ మొదటిసారి ప్రొఫెషనల్ జట్టును పంపింది. కోచ్ జవోర్స్కీ. తను ఆడలేదు. జట్టులో ఫెర్నాండెజ్ ఉన్నాడు. ఫైనల్లో చైనా చేతిలో ఓడి రజతం తెచ్చారు. 1962 తర్వాత ఆ దేశానికి ఆసియా క్రీడల బాస్కెట్‌బాల్‌లో అంతకు మించిన పతకం 2023 దాకా రాలేదు. ఆ ఏడాది హాంగ్‌జౌలో స్వర్ణం తెచ్చిన కోచ్ టిమ్ కోన్. 1997లో ఓడిన ఆ కోనే, అప్పటికి జినెబ్రా కోచ్ కూడా. హడావిడిగా కూర్చిన జట్టు, ఆఖరి రోజుల్లో పిలిపించిన ఆటగాళ్లు. సెమీఫైనల్లో చైనా మీద ఇరవై పాయింట్లు వెనకబడి, 77-76తో గెలిచారు.