మన చేతి సాక్ష్యము

ప్రియ చదువరీ, నిన్నొక మాట అడిగెదను. నిన్నటి దినమున నీ ఫోను నుండి ఎన్ని వార్తలు ఇతరులకు పంపితివి? వాటిలో ఎన్నింటిని నిజమని యెరిగి పంపితివి? ఈ రెండు లెక్కలకు నడుమనున్న భేదమును గూర్చియే నేను వ్రాయుచున్నాను.

వార్తాపత్రికలు, టెలివిజను, ఇప్పుడు వాట్సాపు మనుష్యుల మనస్సులను చెరుపుచున్నవని పెద్దలు తరచుగా చెప్పుదురు. ఆ నింద కొంతవరకు న్యాయమే. శీర్షిక చివర ప్రశ్న గుర్తు తగిలించి భయమును అమ్ముకొను పత్రికలు గలవు. ఒక భయంకర దృశ్యమును దినమంతయు మరల మరల చూపి, అది తప్పని తేలినప్పుడు ఒక్కమారు చెప్పి ఊరకుండు టెలివిజనులు గలవు. అయితే అంతటితో మాట ముగించినయెడల మనము చాల సులువుగా తప్పించుకొన్నవారమగుదుము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమునకు సంబంధించిన రెండు సంగతులను చూచి నేనిది నేర్చుకొంటిని.

మొదటిది కోళ్ల సంగతి. 2020 ఫిబ్రవరిలో, కోడిమాంసము తినినవారికి కరోనా వచ్చునను మాట ఫోనులలో వ్యాపించెను. ఆ రోగము మనుష్యుని శ్వాస ద్వారా మనుష్యునికి సోకునే గాని కోడికూరవలన రాదు. అయినను జనులు కోడిమాంసము కొనుట మానిరి. ఫిబ్రవరి 28న హైదరాబాదులో కోళ్ల పరిశ్రమవారు ఒక మేళా నడిపిరి. రాష్ట్ర మంత్రులు కె. టి. రామారావు, ఈటల రాజేందర్ మొదలగువారు వేదికమీద అందరి యెదుట కోడిమాంసము తినిరి. తెలంగాణలో మొదటి కరోనా రోగి బయటపడినది మార్చి 2న! గమనించితివా? రోగముకంటె ముందుగా పుకారు మన రాష్ట్రమునకు చేరెను.

మేడ్చల్ అవతల మా యెరిగిన సహోదరునికొక కోళ్ల షెడ్డు కలదు. మాంసపు కోడి నలువది, నలువదియైదు దినములలో అమ్మకమునకు వచ్చును. ఆ దినము దాటినను దాని ఆకలి ఆగదు. మక్కలు, సోయా కలిపిన దాణా ప్రతిదినము పోయవలసినదే. కొనువాడు లేడని కోడికి చెప్పినయెడల అది వినునా? కొన్నది పదికి, అమ్మునది అయిదుకు అన్నట్లు అతడు నష్టమునకే అమ్మివేసెను. పరామర్శించుటకు నేను వెళ్లితిని. అతడు కుర్చీ వేసి, చాయ ఇచ్చి, తన ఫోను తీసి నాకు చూపెను.

"అన్నా, ఈ ముచ్చట నాకు మొదలు నీ దగ్గరి నుంచే వచ్చింది" అనెను.

నిజమే. మా బంధుమిత్రుల గుంపులో నేనే పంపితిని. ఎవరినైన చెరుపవలెనని కాదు, "ఎందుకైన మంచిది, అందరు జాగ్రత్తగా నుందురు" అని పంపితిని. అతడు కోపపడలేదు. కోపపడినయెడల నాకు కొంత హాయిగా నుండెడిది.

చదువరీ, ఆ "ఎందుకైన మంచిది" అను మాటను నీవును ఎన్నడైన అనియుందువు. అబద్ధమునకు అంతకంటె మంచి వాహనము లేదు. అది ప్రేమవలె కనబడును. అయితే ఆ జాగ్రత్తకు వెల చెల్లించినవాడు మరియొకడు.

రెండవది టీకా సంగతి. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారిమీద కరీంనగర్ వైపు పోయినయెడల తుర్కపల్లియొద్ద జీనోమ్ వ్యాలీ వచ్చును. కోవాగ్జిన్ టీకాను చేసిన భారత్ బయోటెక్ సంస్థ అక్కడనే యున్నది. ఆ టీకా పద్ధతి క్రొత్తది కాదు. వైరసును పెంచి, రసాయనముతో చంపి, దానిని దేహమునకు పరిచయము చేసి, ఎదిరించుట నేర్పుదురు. 1955లో అమెరికాలో అనుమతి పొందిన సాల్క్ పోలియో టీకాయు ఇట్టిదే.

అయినను పుకార్లు పుట్టెను. టీకావలన సంతానము కలుగదనిరి. 2021 జనవరి 3న అనుమతి ప్రకటించిన దినముననే ఔషధ నియంత్రణాధికారి వి. జి. సోమాని ఇట్టి మాటను ఖండింపవలసివచ్చెను. సూదిలో చిప్పు ఉన్నదనిరి. ఇది ప్రకటన గ్రంథమందలి మృగపు ముద్రయని కొన్ని దేశములలో కొందరు క్రైస్తవులే చెప్పిరి. ఇది మన యింటి దోషము గనుక దాచక చెప్పుచున్నాను.

2021 వేసవిలో మా వీధి అవ్వ యొకతె నన్ను పిలిచి, "బిడ్డా, ఆ సూది ఏసుకుంటే రెండేండ్లల్ల సస్తరట, నిజమేనా?" అని అడిగెను. ఎవరు చెప్పిరంటిని. "ఫోన్ల వచ్చింది" అనెను. టీకా తయారగు చోటు ఆమె యింటికి కొద్ది మైళ్లే. ఆ మాట ఎచ్చటనుండి వచ్చెనో ఎవరికిని తెలియదు. అయినను ఆమెకు దగ్గరైనది ఆ మాటయే! కోళ్ల షెడ్డు జ్ఞాపకమునకు వచ్చి నేను తొందరపడి జవాబు చెప్పలేదు. ఆమెను దవాఖానకు తోడుకొనిపోతిని. అచ్చటి నర్సమ్మ ప్రక్కన కూర్చుండి, తానును వేసికొంటిననియు, ఒకటి రెండు దినములు జ్వరము రావచ్చుననియు ఉన్నదున్నట్లు చెప్పెను. అవ్వ చేయి చాపెను. ముఖము లేని మాట కలిగించిన భయమును ముఖముగల మనిషి పోగొట్టెను.

అయితే సందేహమే పాపమని నేను చెప్పుట లేదు. ఆ టీకాకు అనుమతి వచ్చునప్పటికి మూడవ దశ పరీక్షల ఫలితములు ఇంకను రాలేదు. అది సరియేనా అని కొందరు శాస్త్రజ్ఞులు బహిరంగముగా అడిగిరి. వారు అడుగుట న్యాయము. 25,800 మందితో జరిగిన ఆ పరీక్షలో టీకా 77.8 శాతము పనిచేసెనని 2021 జూలైలో ప్రకటించిరి. ప్రశ్న జవాబు కొరకు కనిపెట్టును. పుకారునకు జవాబు అక్కరలేదు. ఒక చోట కొట్టివేసినయెడల వేరొక వేషముతో ఇంకొక చోట లేచును. నీ చేతికి వచ్చిన మాట ఏ జాతిదో తెలిసికొనుటకు ఈ గురుతు చాలును.

పుకారు ధరను మాత్రమే కాదు, ప్రాణమును కూడ తీయును. 2018 జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కియొద్ద, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన హైదరాబాదు యువకులను పిల్లల నెత్తుకొనిపోవువారని తలంచి మూక కొట్టగా ఒకడు చనిపోయెను. ఆ నెలలోనే వాట్సాపు సంస్థ మన దేశములో ఒక వార్తను ఒకేమారు ఐదు చోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టెను. మంచిదే. అయితే ఐదు చోట్లకే పంపినందున అబద్ధము సత్యమగునా? యంత్రము లెక్కను తగ్గించగలదు గాని మనస్సాక్షి పనిని చేయజాలదు.

పది ఆజ్ఞలలో నొకటి అబద్ధ సాక్ష్యమును నిషేధించుచున్నది. సాక్షి యనగా న్యాయస్థానపు బోనులో నిలిచినవాడు మాత్రమే యని మనము తలంచుచుందుము. చదువరీ, నీవు ఒక వార్తను పంపిన ప్రతిమారు నీ పేరు దానికి తోడగుచున్నది. చదువువాడు వార్తను నమ్ముటకు ముందు నిన్ను నమ్ముచున్నాడు. నా సహోదరుడు ఆ మాటను నమ్మినది అందులో శాస్త్రమున్నదని కాదు, అన్న పంపెనని.

కావున ఈ వారము ఒక చిన్న సాధన చేయుము. ఏ వార్తనైన పంపకముందు, దానివలన నష్టపడగల ఒక మనుష్యుని ముఖమును తలంచుకొనుము. అతని గుమ్మమునొద్ద నిలిచి ఈ మాటనే చెప్పగలనా యని నిన్ను నీవే అడుగుకొనుము. చెప్పలేకపోయినయెడల ఫోనును ప్రక్కన పెట్టుము. ఇదివరకే పంపిన తప్పు మాట యేదైన జ్ఞాపకమునకు వచ్చినయెడల, అదే గుంపులో, అందరు చదువునట్లు, "నేను పంపినది తప్పు" అని వ్రాయుము. నేనట్లు వ్రాసితిని. ఆ చిన్న వాక్యము వ్రాయుటకు నాకు రెండు దినములు పట్టెను. ఆ తప్పుడు వార్త పంపుటకు ఒక నిమిషము కూడ పట్టలేదు.