మరక కింది పొర

మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లు. ఒక మధ్యాహ్నం నల్ల పర్మనెంట్ మార్కర్ దొరికించుకుని ఫ్రిజ్ తలుపు మీద రైలింజను గీశాడు. పెట్టెలు హాలు గోడ మీదుగా వెళ్లి, పాలరాతి నేల దాటి, పడకగది టేకు తలుపు మీద ఆగాయి. ఇల్లు అద్దెది. వీధి చివర ఉండే పాలిష్ మేస్త్రీకి కబురు పెట్టాం. రెండు రోజులు ఆయన పక్కనే కూర్చుని పని చూశాను.

సంచీలోంచి స్పిరిట్ సీసా, లక్క కరిగించిన డబ్బా, సుద్దపొడి, దూది, పాత పంచె చింపిన పేలికలు తీశాడు. అన్నీ తలుపులకు పాలిష్ పెట్టే సామానే. మరకలకని ప్రత్యేకంగా ఏ మందూ తేలేదు.

చెరగని సిరా అంటే నాకు ఓటు వేసినప్పుడు వేలికి పెట్టేదే గుర్తొస్తుంది. 1962 ఎన్నికల నుంచి మైసూరులో తయారవుతున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. అది చర్మంతో కలిసి అక్కడే నల్లబడుతుంది, పాత చర్మం రాలి గోరు పెరిగితే తప్ప పోదు. మార్కర్ సిరా సంగతి వేరు. కాస్త రంగు, ఆ రంగును పట్టి ఉంచే రెజిన్, రెండింటినీ కరిగించే ఆల్కహాల్. ఆల్కహాల్ ఆవిరైపోగానే రెజిన్ రంగుతో సహా అంటుకుపోతుంది. నీళ్లకు లొంగదు, మళ్లీ ఆల్కహాల్ తగిలితే కరుగుతుంది. ఇంతవరకూ శానిటైజర్ సీసా ఉన్న ఇంట్లో ఎవరికైనా తెలిసిందే. మేస్త్రీ మాత్రం మరక కంటే ముందు దాని కింద ఉన్నదాన్ని చూశాడు.

స్పిరిట్ మూత తీసేముందు వంటింట్లో పొయ్యి ఆర్పించి, కిటికీలన్నీ తెరిపించాడు. ఫ్రిజ్ అడుగున ఎవరికీ కనపడని మూల పేలికతో ఒకసారి రుద్ది, పెయింటు ఊడటం లేదని చూసుకున్నాక ఇంజను జోలికి వెళ్లాడు. పేలిక చెమ్మగా ఉంది, కారడం లేదు. అంచు నుంచి నడిమికి ఒక్క తుడుపు, వెంటనే మడత తిప్పడం. "తుడిచిన మడతతోనే మళ్లీ తుడిస్తే, తీసిన మరకని మనమే పూసినట్టమ్మా" అన్నాడు. పది నిమిషాల్లో ఇంజను మాయమైంది.

పాలరాతి మీద ఆ చెయ్యి అసలు తుడవలేదు. రాతికి సన్నని రంధ్రాలుంటాయి, కరిగిన సిరా లోపలికి దిగుతుంది. మా చెల్లెలు నిమ్మకాయ తెస్తానంటే వద్దన్నాడు. పులుపు పాలరాతిని తినేస్తుంది, మరక పోయినా మెరుపు పోయిన మచ్చ మిగులుతుంది. సుద్దపొడిని స్పిరిట్‌తో ముద్దచేసి మరకల మీద పట్టులా వేసి, ప్లాస్టిక్ కాగితం కప్పాడు. మర్నాడు కాగితం తీసి ముద్దను ఆరనిచ్చాడు. ఆరుతూ అది సిరాను పైకి లాక్కుంది, తెల్లటి సుద్ద బూడిద రంగుకు తిరిగింది. ఒక పెట్టెకి రెండోసారీ పట్టు వేయాల్సి వచ్చింది.

గోడకు ఎమల్షన్ నేరుగా వేస్తే ఎన్ని కోటింగులు వేసినా గీత పైకి తేలుతుంది. అందుకని ముందు లక్క పూశాడు, కుంచెను ఒక్కసారే లాగి వదిలేశాడు. లక్కలోనూ స్పిరిట్ ఉంది కదా, కుంచె అటూ ఇటూ ఆడితే సిరా కరిగి పాకుతుంది. అది ఆరాక పైన రంగు.

నేను ఎదురుచూసింది తలుపు కోసం. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే లక్కను స్పిరిట్‌లో కరిగించి ఆ తలుపుకి పట్టించారు. మరకను కరిగించేదే పాలిష్‌నూ కరిగిస్తుంది. మేస్త్రీ దాన్ని ఒప్పుకునే పని మొదలుపెట్టాడు. గాలి తగిలినంత తేలిగ్గా తుడిచి, సిరాతో పాటు లక్క పైపొరనూ తీసేశాడు. తలుపు అక్కడ వెలవెలబోయింది. చెల్లెలి ముఖమూ అంతే.

అప్పుడు దూది ఉండను లక్కలో తడిపి, నూలుగుడ్డలో చుట్టి, అడుగున ఒక్క చుక్క నూనె రాశాడు. ఆ ఉండను తలుపు మీద పెట్టడం నేను చూడలేదు, పక్క నుంచి జారుతూ వచ్చి వాలింది. చిన్న సున్నలు, తర్వాత 8 అంకెలు, చివరికి చెక్క పోగు వెంట బారు గీతలు. ఎక్కడా ఆగలేదు. ఆగితే ఆ క్షణంలోనే ఉండ అతుక్కుని కింది పొరను చింపేస్తుంది. తీసేటప్పుడూ అంతే, జారుతూనే గాల్లోకి లేచింది. కొత్త లక్కలోని స్పిరిట్ పాత లక్కను కాస్త కరిగిస్తుంది, రెండూ కలిసి ఒకటే పొరగా గట్టిపడతాయి. ఇప్పుడు ఎక్కువ తలుపులకు వేస్తున్న పీయూ పాలిష్ గట్టిదే, నీటికీ వేడికీ తట్టుకుంటుంది. కానీ ఆరాక మళ్లీ కరగదు, అతుకు వేస్తే అతుకులాగే కనిపిస్తుంది. నాకు లక్క మీదే మనసు.

ఆయన నన్ను కిటికీ వైపు నిలబెట్టి, తలుపును ఏటవాలుగా చూడమన్నాడు. ఎంత వెతికినా రైలు ఆగిన చోటు దొరకలేదు. ఆయనే వేలు ముట్టకుండా అంగుళం దూరంలో ఉంచి చూపించాడు. "ఇక్కడమ్మా. ఇంకా పచ్చిగా ఉంది, రేపటి దాకా బాబుని ఇటు రానివ్వకండి."