రాక్షసుడి ముఖం, మాంత్రికుడి మాట: భయగృహాల హక్కులపై ఒక పరిశీలన

మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలోని వికృతజీవికి చదునైన నెత్తి గాని, మెడకు బోల్టులు గాని లేవు. అవి 1931 నాటి యూనివర్సల్ చిత్రం కోసం జాక్ పియర్స్ బోరిస్ కార్లాఫ్‌కు దిద్దిన రూపంలోనివి. నవల ఏనాడో అందరి సొత్తయింది. ఆ రూపం మాత్రం స్టూడియో ఆస్తిగా మిగిలింది. 2025లో ఓర్లాండోలో ప్రారంభమైన ఎపిక్ యూనివర్స్ పార్కులో ఒక విభాగమంతా ఈ పాత రాక్షసులదే. అమెరికా చట్టం ఆ చిత్రానికిచ్చిన 95 ఏళ్ల రక్షణ 2026తో ముగుస్తుంది.

చిరాగ్‌పల్లి మీదుగా సాగే హైదరాబాద్–ముంబయి రహదారి వెంట జాతరలకు కొదవలేదు. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో వెలిసే ‘భూత్ బంగ్లా’ గుడారాల మీద సాధారణంగా కనిపించేవి పుర్రెలు, డ్రాకులా కోరలు. ‘పాతాళభైరవి’ (1951)లోని నేపాళ మాంత్రికుడు అక్కడ ఎందుకు లేడు? హక్కుల చిక్కే కారణమనుకుంటే అది సగం సమాధానమే. మన చట్టంలో చలనచిత్రానికి రక్షణ 60 ఏళ్లు. ఆ చిత్రానికి అది 2011తోనే తీరింది. ఎస్.వి. రంగారావు 1974లో మరణించారు. వ్యక్తిత్వ హక్కులు మరణంతోనే ముగుస్తాయని, వారసులకు సంక్రమించవని ఢిల్లీ హైకోర్టు 2023లో మరో నటుని విషయంలో అభిప్రాయపడింది. డ్రాకులా పాత్రధారి బేలా లుగోసీ వారసుల వ్యాజ్యంలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1979లో చెప్పిందీ ఇంచుమించు ఇదే. తరువాత అక్కడి శాసనసభ చట్టం చేసి వారసులకు ఆ హక్కు కల్పించింది.

అసలు కారణాన్ని రససిద్ధాంతంలో వెదకాలి. భరతుడు రాక్షస దానవులను రౌద్రానికి ప్రకృతిగా చెప్పాడు. భయానకానికి చెప్పిన విభావాలు వేరు: వికృతధ్వని, భూతదర్శనం, నక్కల గుడ్లగూబల అరుపులు, అరణ్యం, శూన్యాగారం. నేటి భయగృహం అచ్చంగా ఆ శూన్యాగారమే. మలుపు తిరగగానే రెండు క్షణాల్లో ప్రేక్షకుణ్ణి అదరగొట్టడం దాని పని. మన తెరరాక్షసుడికి అంత తొందర లేదు. ‘మాయాబజార్’ (1957) ఘటోత్కచుణ్ణి చూసి జడుసుకున్న పిల్లలు ఉన్నారా? నేపాళ మాంత్రికుడు భయపెడతాడు, నిజమే. కానీ ఆ భయం నిదానంగా సాగే ఉచ్చారణలో, శిష్యుణ్ణి పిలిచే తీరులో, మధ్యమధ్య తొంగిచూసే హాస్యంలో పుడుతుంది. చీకటి గదిలో బొమ్మగా నిలబెడితే అతడు గడ్డం పెంచిన ముసలివాడు మాత్రమే. (వేషం ఒక్కటే చాలితే రంగారావును అనుకరించినవారందరూ మనకు గుర్తుండేవారు.)

కనుక తెలుగు భయగృహానికి కావలసినది ఆ మాట. చిక్కూ అక్కడే ఉంది. సాహిత్యరచనకు రక్షణ రచయిత మరణానంతరం 60 ఏళ్లు. సంభాషణలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు. అంటే సినిమాకు తీరిన గడువు మాటలకు 2031 చివరి వరకూ తీరదు. ఈలోగా యంత్రపు బొమ్మ చేత ఆ మాటలు పలికించదలచినవారు అనుమతి పొందవలసిందే. దాన్ని ఇవ్వవలసినది రచయిత వారసులా, నిర్మాణసంస్థా అన్నది నాటి ఒప్పందాన్ని బట్టి తేలవలసిన విషయం.