అర మిల్లీమీటరు పట్టింపు

దూరం నుంచి చూస్తే రైలు చక్రం చదునైన ఇనుప బిళ్ల. దగ్గరికెళ్లి చూస్తే పట్టాను తాకే ముఖానికి సన్నటి వాలు కనిపిస్తుంది. 20 మి.మీ. పక్కకు జరిగితే 1 మి.మీ. దిగే వాలు అది. ఇప్పటి చక్రాల్లో వంపు కాస్త మారినా కిటుకు మాత్రం అదే. మలుపులో చక్రాల జత బయటివైపు జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం సన్న భాగం మీద దొర్లుతాయి. రెండూ ఒకే ఇరుసుకు బిగించినవి కాబట్టి కలిసే తిరుగుతాయి, కానీ లావు భాగం మీద దొర్లేది ఎక్కువ దూరం పోతుంది. స్టీరింగు లేని బండి మలుపు తిరిగేది ఆ వాలు పుణ్యాన.

నడిచీ నడిచీ ఆ వాలు అరుగుతుంది. అరిగిన చక్రాల జతను వర్క్‌షాపులో వీల్ లేత్ ఎక్కించి మళ్లీ కోస్తారు. మన ప్యాసింజర్ రైళ్లలో దశాబ్దాలుగా నడుస్తున్న ఐ.సి.ఎఫ్. పెట్టెకు కొత్త చక్రం వ్యాసం 915 మి.మీ. కోత పూర్తయ్యాక ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వ్యాసాల మధ్య తేడా 0.5 మి.మీ. దాటకూడదు. ఒకే ట్రాలీలోని, అంటే పెట్టెను మోసే ఒకే చట్రంలోని, చక్రాలకు 5, ఒకే పెట్టె కింది చక్రాలన్నిటికీ కలిపి 13 దాకా చెల్లుతుంది. ఇరుసు దగ్గరే ఇంత పట్టింపు ఎందుకంటే, అక్కడ తేడా వస్తే జత ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది, చక్రం అంచు పట్టాను రాసుకుంటూ అరిగిపోతుంది.

ఈ పట్టింపు ఉన్న ఊళ్లలో ఖరగ్‌పూర్ ఒకటి. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను కట్టి, పెద్ద వర్క్‌షాపు పెట్టింది. తూర్పు తీరం వెంట పట్టాలు పడ్డాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు పనికోసం ఆ దారినే ఇక్కడికి చేరారు. తరాలు మారినా మథురాకాటి, నింపురా వీధుల్లో తెలుగు వినిపిస్తూనే ఉంది. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడం వెనుక ఈ ఊరి తెలుగు జనసంఖ్య కూడా ఉంది.

అదే ఊళ్లో, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. మొదలైంది. ఊరి శివారున విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వచ్చింది. అక్కడ టాటా హిటాచీ కర్మాగారంలో మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్లు తయారవుతున్నాయి. లేత్ మీద కోసేవారు, బొమ్మ గీసేవారు, యంత్రం కట్టేవారు ఇలా ఒకే ఊళ్లో ఉండటం అరుదు. పార్కుకు పెట్టిన పేరూ సరిగ్గా అమరింది. ఈ మేదినీపూర్ గడ్డ మీదే పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో బెంగాలీ పిల్లలకు అక్షరాలు నేర్పే వర్ణపరిచయం రాశాడు. మెషీనింగ్ పనికీ ఓనమాలున్నాయి. వాటిని దాటేసి నేరుగా కంప్యూటరు ముందు కూర్చోవాలని చూసేవారి సంఖ్య పెరుగుతోంది కాబట్టే వాటి గురించి చెప్పుకోవాలి.

మొదటి అక్షరం ఆకురాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు ట్రేడులో చేరిన కుర్రాడి చేతికి ముందు ఇచ్చేది అదే. వైసులో బిగించిన ఇనుప ముక్కను చదును చేయమంటారు. వినడానికి తేలిక. ఆకురాయి ముందుకు పోతున్నకొద్దీ రెండు చేతుల బరువు మారుతూ ఉండాలి. మొదట్లో ఎడమ చేతిది ఎక్కువ, చివర్లో కుడి చేతిది ఎక్కువ. అలా మారకపోతే ఆకురాయి తూగుటుయ్యాలలా ఊగి, ముక్క అంచులు పోయి నడుమ గుట్టలా మిగులుతుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకేసి పట్టి చూస్తే సందులోంచి వచ్చే వెలుగుగీత తప్పును పట్టిచ్చేస్తుంది. చేతులు బొబ్బలెక్కే ఈ వారాలు వృథా అనుకునేవారున్నారు. కానీ లోహం ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో చేతికి తెలిసేది అప్పుడే. ఆ తెలివిడి తరవాత ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు.

రెండో అక్షరం కొలత. వర్నియర్ కాలిపర్ మీద 49 మి.మీ. పొడవును 50 భాగాలు చేసి ఉంటారు. ఒక్కో భాగం 0.98 మి.మీ. మెయిన్ స్కేలు గీతకూ దానికీ మధ్య తేడా 0.02. కంటికి ఆనని ఆ తేడాను, ఏ గీత ఏ గీతతో కలిసిందో చూసి చదవడమే దాని నేర్పు. మైక్రోమీటరు అయితే 0.01 దాకా చెబుతుంది.

ఆ తరవాతే లేత్. చక్ అనే తిరిగే పట్టులో జాబ్‌ను, అంటే కోయాల్సిన ముక్కను, బిగించగానే, స్విచ్ వేయకముందే, చక్ కీ బయటికి తీయాలి. మరిచి యంత్రం తిప్పితే అది తూటాలా ఎగిరి మనిషిని పడగొడుతుంది. తిరుగుతున్న జాబ్ దగ్గర గ్లవ్స్, వదులు చేతుల చొక్కా పనికిరావు. వేగానికి లెక్కుంది. హైస్పీడ్ స్టీలు టూలుతో మైల్డ్ స్టీలును నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగంతో కోయవచ్చు. 25 మి.మీ. కడ్డీ అయితే నిమిషానికి 380 చుట్ల దగ్గర వస్తుంది. తొందరపడి అంతకు చాలా పెంచితే టూలు మొన కాలి పదును చస్తుంది.

ఇక కంప్యూటరు. 1963లో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ చేసినప్పుడే తెర మీది గీతలకు నియమాలు పెట్టవచ్చని చూపించాడు. ఈ గీత ఆ గీతకు సమాంతరం, ఈ రెండూ సమానం అని చెబితే ఒకదాన్ని జరిపినా నియమం చెదరదు. నేటి క్యాడ్ సాఫ్ట్‌వేర్లలోని కన్‌స్ట్రెయింట్లు ఆ కోవవే. ఫ్రీక్యాడ్‌ను పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు, కాబట్టి మామూలు కంప్యూటరున్న ఏ ఇంట్లోనైనా నేర్చుకోవచ్చు.

కానీ తెర దేనికీ అడ్డు చెప్పదు. ఇనుప దిమ్మలో చతురస్రపు గుంట గీసి, నాలుగు లోపలి మూలలనూ కత్తిలా నిలబెడితే చక్కగా కనిపిస్తుంది. మిల్లింగ్ కట్టరు గుండ్రంగా తిరుగుతుంది. 10 మి.మీ. కట్టరుతో కోస్తే మూలలో 5 మి.మీ. వ్యాసార్ధపు వంపు మిగలక తప్పదు. గీసినవాడు లేత్ దగ్గరా మిల్లింగ్ యంత్రం దగ్గరా నిలబడినవాడైతే ఆ వంపును ముందే గీస్తాడు. నిలబడనివాడి బొమ్మ వర్క్‌షాపు నుంచి తిరిగొస్తుంది.

టాలరెన్సు సంగతీ ఇంతే. 25 మి.మీ. రంధ్రంలో 25 మి.మీ. పిన్ను జారాలంటే రెండిటికీ ఉత్త 25 అని రాస్తే కుదరదు. రంధ్రానికి హెచ్7, పిన్నుకు జి6 అని రాస్తారు. అప్పుడు రంధ్రం 25.000 నుంచి 25.021 లోపు, పిన్ను 24.980 నుంచి 24.993 లోపు ఉండాలి. క్యాడ్‌లో అది రెండు అక్షరాలు, రెండు అంకెలు. వాటిని నిలబెట్టడం టర్నరు వంతు.

నేర్చుకోవడానికి మన వైపు దారులు లేకపోలేదు. పదో తరగతి తరవాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు, టర్నరు ట్రేడులు రెండేళ్లు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రైల్వే వర్క్‌షాపుల్లోనే శిక్షణ పొందవచ్చు. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్, డై తయారీ డిప్లొమా నాలుగేళ్లు. గీయడం, కోయడం రెండూ ఒకే కప్పు కింద నేర్పుతారు కాబట్టి, స్తోమత, ఓపిక ఉన్నవారికి ఇదే మంచి దారి.

సొంతంగా మొదలుపెట్టేవారికి ఆ పిన్నూ రంధ్రమే మంచి పాఠం. ముందు రెండిటినీ క్యాడ్‌లో గీసి, టాలరెన్సులు రాసి, కాగితం మీద ప్రింటు తీసుకోవాలి. రంధ్రాన్ని కాస్త చిన్న డ్రిల్లుతో వేసి, 25 మి.మీ. హెచ్7 రీమరుతో నింపాదిగా పూర్తిచేయాలి. పిన్ను కోత చివరికొచ్చేసరికి మైక్రోమీటరు 25.05 చూపిందనుకుందాం. ఇంకా 0.06 పోవాలి. చాలా లేత్‌లలో డయలును 0.06 తిప్పితే 0.12 పోతుంది, ఎందుకంటే టూలు ఒక పక్క ఎంత లోతు దిగితే వ్యాసం అంతకు రెట్టింపు తగ్గుతుంది. తిప్పాల్సింది 0.03. అంతకంటే ముందు జాబ్‌ను చల్లారనివ్వాలి. 25 మి.మీ. ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే 0.011 మి.మీ. దాకా ఉబ్బుతుంది, పిన్నుకు దక్కిన వెసులుబాటు మొత్తం 0.013. వేడిమీద కొలిచి సరిపోయిందనుకున్న పిన్ను చల్లారాక సన్నబడుతుంది.

చల్లారాక మళ్లీ కొలిచి, చివరి కోత తీసి, అంచు బర్రును ఆకురాయితో దువ్వి, బొట్టు నూనె రాసి రంధ్రం మీద నిలబెడితే, లెక్క కుదిరిన పిన్ను తోయకుండానే తన బరువుకు తాను మెల్లగా లోపలికి దిగుతుంది.